మూలనున్న పాత సిస్టం

జనగామ బస్టాండు పక్క సందుల్లో గాని, మానుకోట (మహబూబాబాద్)లో రైలు స్టేషనుకు పోయే దారిలో గాని, భూపాలపల్లిలో సింగరేణి కార్మికులు ఆగే చౌరస్తాల్లో గాని ఏదో ఒక డీటీపీ సెంటరు మెట్లెక్కి చూడండి. ముందు బల్ల మీద కొత్త సిస్టం ఉంటుంది. ఆన్‌లైన్ దరఖాస్తులు, హాల్‌టికెట్లు, రైలు టికెట్లు, ఆధార్ ప్రింట్లు అన్నీ దాని మీదే. వెనక మూలన, కాగితపు రీముల చాటున, ఇంకొకటి ఉంటుంది. పాత క్యాబినెట్, రంగు మారిన కీబోర్డు, లోపల విండోస్ 7, కొన్నిచోట్ల ఎక్స్‌పీ. దానికి ఇంటర్నెట్ వైరు ఉండదు. దాన్ని ముట్టుకోవద్దని కొత్తగా పనిలో చేరిన కుర్రాడికి మొదటి రోజే చెబుతారు. లగ్గం పత్రికలు, దశదినకర్మ కార్డులు, సర్పంచ్ అభ్యర్థుల కరపత్రాలు, విత్తనాల దుకాణాల బిల్లు బుక్కులు పుట్టేది ఆ మూలనే.

చూసేవాళ్లకు అది వెనుకబాటుగా అనిపించవచ్చు. ఆపరేటర్‌ను అడిగితే ఒక్క మాటలో తేల్చేస్తాడు: "కొత్త విండోస్ కొట్టిస్తే అను పడ్తలేదన్నా." అను అంటే తెలుగు టైపు చేసే సాఫ్ట్‌వేర్. అతని మాట వెనక పాతికేళ్ల కథ ఉంది.

ముందు కొత్త విండోస్ సంగతి. విండోస్ 10కు ఉచిత భద్రతా అప్‌డేట్లు ఇవ్వడాన్ని మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో ఆపింది. విండోస్ 11కు మారాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరయితే ఎనిమిదో తరానిదో ఆపైదో కావాలి. అంటే సుమారు 2017కు ముందు తయారైన యంత్రాలు, ఎంత చక్కగా నడుస్తున్నా, కంపెనీ లెక్కలో అనర్హమైనవే. ఈ కారణంగా ప్రపంచం మొత్తం మీద 24 కోట్ల కంప్యూటర్లు చెత్తకుప్పకు చేరవచ్చని కెనాలిస్ సంస్థ 2023 చివర్లోనే అంచనా వేసింది. ఇళ్లలో వాడుకునేవాళ్లకు ఒక ఏడాది వెసులుబాటు ఇచ్చారు. 30 డాలర్లు కట్టినా, మైక్రోసాఫ్ట్ ఖాతాలో సెట్టింగులు దాచుకోవడానికి ఒప్పుకున్నా 2026 అక్టోబరు దాకా అప్‌డేట్లు ఇస్తామన్నారు. కానీ మన చిన్న పట్నాల దుకాణాల్లో ఎక్కువ భాగం సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ల బజారులో సెకండ్ హ్యాండ్‌కు కొనుక్కొచ్చిన సిస్టంలే. ఎక్కడో కార్పొరేట్ ఆఫీసులో కాలం తీరిందని పక్కన పెట్టిన యంత్రానికి ఇక్కడ రెండో ఉద్యోగం దొరుకుతుంది. ఆ రెండో ఉద్యోగానికి కూడా రిటైర్‌మెంట్ తేదీని అమెరికాలో నిర్ణయించారన్న సంగతి, తెర మీద నీలంరంగు హెచ్చరిక వచ్చేదాకా ఇక్కడెవరికీ తెలియదు.

తెలిసిన తర్వాత జరిగేదీ అందరికీ తెలుసు. రిపేర్ కుర్రాడు పెన్ డ్రైవ్ పట్టుకొని వస్తాడు. అర్హత పరీక్షను ఏదో ఉపాయంతో దాటించి, ఆ పాత యంత్రంలోనే విండోస్ 11 కొట్టేసి పోతాడు. మర్నాటి నుంచి సిస్టం హ్యాంగ్. బటన్ నొక్కి చాయ్ తాగి వచ్చేలోపు కూడా తెర తెరుచుకోదు. యజమాని కంపెనీని తిడతాడు, కుర్రాణ్ని తిడతాడు. నిజానికి మొదటి కొన్ని రోజులు కొత్త సిస్టం వెనకాల చాలా పని పెట్టుకుంటుంది. ఉన్న ఫైళ్లన్నింటినీ వెతికి సూచిక తయారు చేసుకుంటుంది, మిగిలిన అప్‌డేట్లు దింపుకుంటుంది, వైరస్ తనిఖీ చేస్తుంది. పాత రకం తిరిగే హార్డ్‌డిస్క్, నాలుగు జీబీ ర్యామ్ ఉన్నచోట ఈ పనులే యంత్రం శక్తినంతా మింగేస్తాయి. ఒక ఎస్ఎస్‌డీ వేయిస్తే, ర్యామ్ ఎనిమిదికి పెంచితే చాలావరకు కుదుటపడుతుంది. వేగం సమస్య డబ్బుతో తీరే సమస్య. దాని గురించి ఇంతకు మించి చెప్పుకోవలసింది లేదు.

డబ్బుతో తీరనిది తెలుగు.

కార్డుల పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సంగతి చూడండి. ఆల్డస్ అనే కంపెనీ దాన్ని 1985లో తెచ్చింది. 1994లో ఆ కంపెనీని అడోబీ కొనేసింది. 2001లో 7.0 వెర్షన్ వచ్చింది. 2004 నాటికి అడోబీ దాన్ని పెంచడం మానుకొని, ఇన్‌డిజైన్ మీద దృష్టి పెట్టింది. అంటే మన దగ్గర ఈ ఏటి లగ్గం పత్రికలను కూర్చుతున్న సాఫ్ట్‌వేర్‌ను దాని సొంతదారు వదిలేసి ఇరవై ఏళ్లు దాటింది. అది ఇంకా నడుస్తోందంటే, ఆ గొప్ప కొంత విండోస్‌కు, కొంత మన ఆపరేటర్ల ఓపికకు చెందుతుంది. ఐకాన్ మీద రైట్ క్లిక్ కొట్టడం, కంపాటబిలిటీలో ఎక్స్‌పీని ఎంచుకోవడం, అడ్మినిస్ట్రేటర్‌గా నడపడం: ఈ మంత్రం ఏ కోర్సులోనూ నేర్పరు. ఒక దుకాణం నుంచి ఇంకో దుకాణానికి ఫోన్లో చేరుతుంది.

ఆ మంత్రం ఎందుకు పనిచేస్తుందో చెప్పుకుంటే కథ సగం అర్థమవుతుంది. ఆ కాలపు ప్రోగ్రాములు తమ సెట్టింగులను తమ ఫోల్డర్‌లోనే రాసుకునేవి. 2007లో వచ్చిన విస్టా నుంచి ఆ ఫోల్డర్‌లో రాయడానికి పెద్ద అనుమతి కావలసి వచ్చింది. వైరస్‌ల నుంచి కాపాడడానికి పెట్టిన ఆ నిబంధన మంచిదే. కానీ పాత ప్రోగ్రాముకు అది తెలియదు. రాయబోతుంది, కుదరదు, మూతపడుతుంది. తర్వాత 64 బిట్ విండోస్ వచ్చింది. 16 బిట్ ముక్కలున్న పాత ప్రోగ్రాములను అది ససేమిరా నడపదు, 32 బిట్ డ్రైవర్లను లోపలికి రానివ్వదు. విండోస్ 11కైతే 32 బిట్ రూపమే లేదు. పాత తెలుగు సాఫ్ట్‌వేర్లలో కొన్ని, దొంగ కాపీలు రాకుండా, డాంగిల్ అనే చిన్న ముక్కను వెనక ప్రింటర్ పోర్టులో గుచ్చితే గాని తెరుచుకునేవి కావు. ఇప్పటి కంప్యూటర్లకు ఆ పోర్టే లేదు. డబ్బు పెట్టి నిజాయితీగా కొన్నవాడే ఇక్కడ ఎక్కువ ఇబ్బంది పడ్డాడు. ఆ మాటకొస్తే, కొన్న కాపీలు ఎన్ని దుకాణాల్లో ఉన్నాయో అడగకపోవడమే మర్యాద. చేతులు మారి వచ్చిన కాపీ ఆగిపోతే ఎవరికి ఫోన్ చేయాలి? కొత్త వెర్షన్ ఉన్నా కొనుక్కోమని ఎవరు చెబుతారు?

ఇక ఫాంట్లు. అను, శ్రీలిపి, సీడాక్ వాళ్ల ఐఎస్ఎం, ఇవన్నీ కంప్యూటర్‌కు తెలుగు రాని రోజుల్లో దానికి తెలుగు వచ్చినట్టు కనిపించేలా చేసిన గొప్ప ఉపాయాలు. ఇంగ్లిష్ అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన గదుల్లో తెలుగు ముక్కలను కూర్చోబెట్టారు. ఉన్న గదులు రెండు వందల చిల్లరే. మన గుణింతాలు, వత్తులు అందులో ఎక్కడ పడతాయి? అందుకే తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, వత్తు ఒక ముక్క అన్నట్టుగా విడగొట్టి, తెర మీద పక్కపక్కన పేర్చి అక్షరం కట్టారు. చూడడానికి ముచ్చటైన తెలుగు. ఫైలు లోపల మాత్రం ఏ భాషా కాని గుర్తుల వరుస. ఫాంటు పోతే మిగిలేది ఆ వరుసే. సిస్టం మార్చిన మర్నాడు పాత ఫైలు తెరిస్తే పెండ్లికూతురి పేరు స్థానంలో కరెన్సీ గుర్తులు, డబ్బాలు కనిపించేది ఇందుకే. ఒక కంపెనీ ఫాంటులో కొట్టింది ఇంకో కంపెనీ ఫాంటులో చదవరాదు. గూగుల్‌లో వెతికితే దొరకదు. వాట్సాప్‌లో పెడితే తెలుగుగా కనిపించదు.

యూనికోడ్ 1991లోనే తెలుగుకు సొంత స్థానం ఇచ్చింది. 2001లో వచ్చిన ఎక్స్‌పీతో గౌతమి ఫాంటూ వచ్చింది. అంటే పేజ్‌మేకర్ చివరి వెర్షన్, తెలుగు తెలిసిన విండోస్ ఒకే ఏడాది పుట్టాయి. అప్పుడే దారి మారి ఉండాల్సింది. మారలేదు. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలుగు ఎక్కదు. ఇన్‌డిజైన్‌లో భారతీయ భాషలకు సరైన ఏర్పాటు 2012 నాటి సీఎస్6 దాకా రాలేదు. వచ్చేనాటికి అడోబీ సాఫ్ట్‌వేర్లు నెలవారీ అద్దె బాట పట్టాయి. వంద కార్డుల ఆర్డరు మీద మిగిలే పైసలతో ఆ అద్దె కట్టడం కుదిరే పని కాదు.

ఇక్కడ ఒక చిన్న తమాషా. యూనికోడ్ తొలినాళ్లలో తెలుగువాళ్లు ఎక్కువగా వాడుకున్న ఫాంట్లలో తిరుమల కృష్ణ దేశికాచార్యులు చేసిన 'పోతన' ఒకటి. పోతన ఊరు బమ్మెర ఇప్పుడు జనగామ జిల్లాలోనే ఉంది. తర్వాత ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఉచితంగా విడుదల చేయించిన యూనికోడ్ ఫాంట్లలో 'పొన్నాల' పేరుతో ఒకటుంది. అప్పటి ఐటీ మంత్రి జనగామ ఎమ్మెల్యే పొన్నాల లక్ష్మయ్య. కవి వైపు నుంచి ఒకటి, మంత్రి వైపు నుంచి ఒకటి, రెండు యూనికోడ్ ఫాంట్ల పేర్లు జనగామవే. అయినా జనగామలో పెండ్లి కార్డు మీద మెరిసేది అనులోని అనుపమో ప్రియాంకో. ఊరి పేరు కోసం అచ్చు అలవాటు మారదు కదా. లావు, సన్నం, వంపు, మెలిక, ఇన్ని రకాలు ఒకచోట దొరికిన సంచి అది. పైగా ఆపరేటర్ వేళ్లు అనులోని 'ఆపిల్' అనే కీబోర్డు అమరికకో రోమాకో అలవాటు పడి ఉన్నాయి. మీటలను చూడకుండా గంటలో పదిహేను కార్డులు సర్దే మనిషిని యూనికోడ్ కోసం ఇన్‌స్క్రిప్ట్ అనే వేరే కీబోర్డు అమరిక నేర్చుకోమంటే ఆర్నెల్ల పాటు అతని రాబడి తగ్గినట్టే. అప్‌గ్రేడ్ ఖర్చు లెక్కేసే వాళ్లెవరూ ఈ వేళ్లను లెక్కలోకి తీసుకోరు.

ఈ తిప్పలు పాత సాఫ్ట్‌వేర్ పట్టుకొని వేలాడేవాళ్లవే అనుకోవడానికీ లేదు. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచమంతా ఐఫోన్లను పడగొట్టింది. జ, పొల్లు, ఞ, కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు, దీర్ఘం. ఈ వరుసలో వచ్చిన 'జ్ఞా'ను చూపించబోయి మెసేజ్ యాప్‌లు కుప్పకూలాయి, కొన్నిసార్లు ఫోనే మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అయింది. ఐఓఎస్ 11.2.5 వాడుతున్న ఎందరో తెలుగు లిపి అనేదొకటి ఉందని మొదటిసారి ఆ వారమే తెలుసుకొని ఉంటారు. ఫిబ్రవరి 19న ఆపిల్ మరమ్మతు విడుదల చేసింది. లక్షల కోట్ల కంపెనీ, ప్రపంచంలోనే పేరున్న ఇంజినీర్లు, అయినా మన దీర్ఘం దగ్గర తడబడ్డారు. పేజ్‌మేకర్ మూసుకుపోయిందని మానుకోట ఆపరేటర్ చిన్నబుచ్చుకోనక్కరలేదు.

మైక్రోసాఫ్ట్ సొంత అప్‌డేట్లూ తక్కువ తినలేదు. 2021 సెప్టెంబరు తర్వాత ఒకే ప్రింటర్‌ను రెండు మూడు సిస్టంలకు కలిపి వాడుకునే చిన్న ఆఫీసులు ఎన్నో, చివర 11బి అని ఉండే ఎర్రర్‌తో ఆగిపోయాయి. 2025 జనవరి చివర్లో వచ్చిన అప్‌డేట్ తర్వాత కొన్ని యూఎస్‌బీ ప్రింటర్లు ఎవరూ చెప్పకుండానే అర్థంలేని అక్షరాలను అచ్చు వేయసాగాయి. మార్చిదాకా అది సర్దుకోలేదు. ఇవి చాలవన్నట్టు, 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన ఫైలుకు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలితెర ఎత్తాయి. ఆ రోజు శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులిచ్చారు. ఆ కాసేపు పెన్ను, కాగితమే సిస్టం అయ్యాయి.

దుకాణం ముందు బల్ల మీది సిస్టంది ఇంకో రకం కష్టం. మూలనున్నదాన్ని మార్చకుండా కాపాడుకోవాలి, ముందున్నదాన్ని మార్చకపోతే బతుకు లేదు. మీసేవ పోర్టళ్లు, డిజిటల్ సంతకాల టోకెన్లు, వేలిముద్రల యంత్రాలు దేనికవే తమ బ్రౌజర్, తమ డ్రైవర్, తమ సర్వీస్ కావాలంటాయి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌నే నమ్ముకున్న వెబ్‌సైట్లు 2022 జూన్‌లో అది మూతపడ్డాక కొత్త దారి వెతుక్కోవలసి వచ్చింది. ఆధార్ వేలిముద్రల పాత యంత్రాల స్థానంలో ఎల్1 రకం కొత్తవి కొనమన్నారు. భద్రతకు అది అవసరమే. కాదనలేం. కానీ యంత్రం మారిన రోజు, డ్రైవర్ పడని రోజు, తండా నుంచి ఆటోలో వచ్చిన ముసలామెకు చెప్పే జవాబు ఒక్కటే: "సర్వర్ డౌనమ్మా, రేపు రా." మిరపతోటలో ఏళ్ల తరబడి అరిగిన ఆమె వేలిదా తప్పు, యంత్రానిదా, విండోస్‌దా, నిజంగా సర్వర్‌దేనా, ఎవరూ విడదీసి చెప్పరు. పోయింది మాత్రం ఆమె కూలి, ఆటో కిరాయి.

ఈ మూడు జిల్లాల జనానికి అప్‌గ్రేడ్ అంటే ఏమిటో కంప్యూటర్ నేర్పనక్కరలేదు. 2016 అక్టోబరు 11 పొద్దున ఎక్కువమంది వరంగల్ జిల్లావాసులుగా నిద్రలేచి, సాయంత్రానికి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలవారయ్యారు. 2019లో ములుగు విడిపోయి భూపాలపల్లి మళ్లీ చిన్నదైంది. వరంగల్ అర్బన్ కాస్తా హనుమకొండ అయింది. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీఎస్ పోయి టీజీ వచ్చింది. ఆధార్‌లో ఒక జిల్లా, పట్టా పుస్తకంలో ఇంకో జిల్లా, కాలేజీ సర్టిఫికెట్‌లో మరొకటి. ఆన్‌లైన్ ఫారంలో జిల్లా పేరు ఎంచుకోవాల్సిన చోట మాత్రం ఒక్క గడే. చాలామందికి ఇది ఇప్పటికీ తీరని చిక్కు. అయినా ఒక పెద్ద ఊరట ఉంది. టీఎస్ నంబరున్న బండిని ఎవరూ రోడ్డు మీద ఆపి దించలేదు. వరంగల్ జిల్లా అని రాసున్న పాత కాగితం చెల్లకుండా పోలేదు. పాతది చెల్లుతూనే కొత్తది నడవాలన్న ఇంగితం సర్కారు ఫైళ్లకు ఉంది. సాఫ్ట్‌వేర్ కంపెనీలను అడగవలసింది కూడా అంతకన్నా ఎక్కువేమీ కాదు.

నిజం చెప్పాలంటే ఆ పరీక్షలో మైక్రోసాఫ్ట్‌కు మరీ తక్కువ మార్కులు రావు. ఇరవై ఏళ్ల కిందటి ప్రోగ్రామును ఇంతో అంతో నడిపిస్తున్న వ్యవస్థలు లోకంలో ఎక్కువ లేవు. తప్పంతా అమెరికా కంపెనీ మీదికి నెట్టేసి చేతులు దులుపుకోవడం మనకు సులువు. తెలుగు రాతను మూడు దశాబ్దాలు కంపెనీకొక తాళం వేసిన పెట్టెల్లో పెట్టిందీ, తాళంచెవుల నకళ్లు దాచుకోనిదీ మనమే. ఈ మూలనున్న సిస్టంలలో ఉన్నవి పెండ్లి కార్డులే కావు. గుడి చరిత్రలు, గ్రామ కవుల సంకలనాలు, ఉద్యమకాలపు కరపత్రాలు, కాకతీయ విశ్వవిద్యాలయంలో తెలుగు పరిశోధకులు టైపు చేయించుకున్న సిద్ధాంత గ్రంథాలు, ఆగిపోయిన చిన్న పత్రికల సంచికలు, అన్నీ పీఎండీ అనే పేజ్‌మేకర్ ఫైళ్లుగా పడి ఉన్నాయి. అచ్చు పుస్తకం ఒకటో రెండో ఎక్కడో మిగిలి ఉంటుంది, ఉండకపోనూవచ్చు. ఆ హార్డ్‌డిస్క్ ఆగిన రోజు ఆ రాతలూ ఆగుతాయి.

పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. చేసినవాళ్లలో ఎక్కువమంది జీతం లేకుండా, భాష మీద ప్రేమతో చేసినవాళ్లే. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో పనిచేస్తూ పత్రికల సొంత ఫాంట్లను యూనికోడ్‌గా చూపిన నాగార్జున వెన్న 'పద్మ'ను నెట్‌లో తెలుగు చదివిన తొలితరం మరచిపోలేదు. కానీ ఈ పరికరాలకూ అప్‌గ్రేడ్ గండం ఉంటుంది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 రాగానే పాత పద్ధతిలో రాసిన ఎక్స్‌టెన్షన్ల కాలం చెల్లింది. ఇది ఒక్కొక్కరి ఓపిక మీద వదిలేసే పని కాదు. విశ్వవిద్యాలయాలు, సాహిత్య అకాడమీ, జిల్లా గ్రంథాలయ సంస్థలు కలిసి ఊరూరా తిరిగి ఈ ఫైళ్లు సేకరించి యూనికోడ్‌లోకి మార్చవలసిన పని. ఫాంట్ల కంపెనీలు తమ పాత వెర్షన్లలో ఏ గదిలో ఏ ముక్క ఉందో ఆ పట్టికను బయటపెడితే చాలు, సగం దారి సాగినట్టే. అమ్ముడుపోవడం ఆగిన సరుకు రహస్యాన్ని కాపాడి వాళ్లకు ఒరిగేదీ లేదు. కేరళ తన సర్కారు బడుల కంప్యూటర్లను ఏళ్లుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద, తన భాషతో నడుపుతోంది. హైదరాబాద్‌లో 'స్వేచ్ఛ' మిత్రులు తెలుగు ఆపరేటింగ్ సిస్టం చేసి చూపించి చాలా కాలమైంది. దారి లేక ఆగిపోయిన ప్రయాణం కాదిది.

అందాకా మూలనున్న పాత సిస్టం ఉండనివ్వండి. నెట్ వైరు పెట్టకుండా ఉంచినంత కాలం దానివల్ల పెద్దగా కీడు లేదు. ఆధార్ పనులు, డబ్బు లావాదేవీలు మాత్రం అప్‌డేట్లు ఆగిన యంత్రం మీద చేయకూడదు, అది జనం సొమ్ముతో చెలగాటం. మార్చక తప్పదనుకున్నప్పుడు ముహూర్తాలున్న నెలలో మాత్రం మార్చకండి. మూఢం ఎటూ వస్తుంది, కార్డుల పని తగ్గుతుంది, అప్పుడు పిలవండి రిపేర్ కుర్రాణ్ని. అతను పెన్ డ్రైవ్ గుచ్చకముందే ఫాంట్ల ఫోల్డరు, అను సీడీ, పీఎండీ ఫైళ్లు వేరే హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించండి. పాత డిస్క్‌ను తుడిపేయకుండా తీసి బీరువాలో పెట్టి, కొత్తదాంట్లో విండోస్ కొట్టించుకోండి. అంతా అయిందన్నాక, 'శ్రీరస్తు' నుంచి 'వియ్యాలవారి విందు' దాకా క్షలు, జ్ఞలు, ర వత్తులు నిండిన ఓ పాత పత్రికను తెరిచి, ప్రింటు తీసి, అద్దాలు పెట్టుకొని చదివి, ఆ తర్వాతే అతని చేతిలో పైసలు పెట్టండి.